ట్యాంకరు నీడ

కిరణ్ కుమార్ చేతిలోని జాబితాలో పదిహేడు పేర్లున్నాయి. గడచిన మూడు వేసవుల్లో ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎండదెబ్బకు పనిమీద ప్రాణం పోయిన కూలీల పేర్లవి. వాటి కింద ఇంకొక పేరుకు చోటు ఖాళీగా వదిలాడు. ఆ ఖాళీ నారయ్యది. అది నిండాలంటే నారయ్య భార్య సుసన్న సోమవారం నాడు ఆర్డీవో ఆఫీసు ముందు మైకు పట్టుకుని, తన మొగుడు పనిమీదే పోయాడని పదిమంది వినేలా చెప్పాలి. ఎందుకంటే ఏడాది కిందట అదే సుసన్న, ఇంట్లో గుండెనొప్పి వచ్చి పోయాడని కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ సంతకం వెనక పెద్ద కుట్రేమీ లేదు. పనిచోట పోయాడంటే పోలీసులు వస్తారు, పోస్టుమార్టం అంటారు, కోస్తారు, రెండు రోజులకు గాని మనిషిని ఇవ్వరు. మంచాల ఊళ్లో సుసన్న వాళ్ల వాడలో చావంటే ఎంత భయమో, కొయ్యడమంటే అంతకు రెండింతలు. పొద్దుగూకేలోపల పాస్టరు ప్రార్థన చెయ్యాలి, మట్టి చెయ్యాలి, అంతే. అందుకని ఇంట్లోనే పోయాడన్నారు. వాడంతా అవునంది. ఆ ఒక్క మాటతో నారయ్య పనిమీద చచ్చిపోయిన మనిషి కాకుండా పోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పనివాళ్లలో ఇంకో మాట కూడా తిరిగింది, నారయ్య తాగి పడిపోయాడని. ఆ మాట స్టెల్లా చెవిన పడింది. స్టెల్లా సుసన్నకు ఒక్కతే కూతురు. ఇరవై మూడేళ్లు. శేరిగూడలో ఒక ఇంజనీరింగు కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది. తండ్రి మీద ఈగ వాలినా ఊరుకోని పిల్ల. ఆ మాట పుట్టించింది మేస్త్రి బుగ్గయ్యేనని, తన మీదికి రాకుండా చచ్చినవాడి మీదికి నెట్టాడని గట్టిగా నమ్మింది. మూడిళ్ల అవతల ఉండే బుగ్గయ్యతో ఏడాదిగా మాటల్లేవు. ఎదురుపడితే చెప్పు విడిచినంత పని చేస్తుంది. కిరణ్ కుమార్‌ను వెతికి పట్టుకుని, మా బాపు పేరు కూడా ఎక్కాల్సిందేనని కూర్చున్నదీ ఆ పిల్లే.

ఆ మాట ఎవరు పుట్టించారో సుసన్నకు తెలుసు. ఆమే.

అది కిందటేడు మే నెల రెండో శనివారం. బడంగ్‌పేటలో ఒక కొత్త ఇంటికి స్లాబు పోస్తున్నారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఆ వైపు ఎక్కడ చూసినా పిల్లర్లే మొలుస్తున్నాయి, మంచాల వైపు నుంచి పొద్దున్నే బయలుదేరే స్లాబు ముఠాలకు చేతినిండా పని. స్లాబు పనికి ఒక కట్టుబాటు ఉంది. మొదలుపెట్టాక ఆపకూడదు. నడుమ ఆపితే పోసింది గట్టిపడిపోతుంది, తర్వాత పోసింది దానితో కలవదు, వానాకాలం ఆ అతుకు దగ్గర ఇల్లు కారుతుంది. అందుకే ఇంటివాళ్లు పొద్దున కొబ్బరికాయ కొడతారు, అయిపోయాక ముఠాకంతటికీ భోజనం పెడతారు, మధ్యలో మాత్రం ఎవరూ కూర్చోరు. మిక్సరు దగ్గర నుంచి పైదాకా కర్రల మెట్ల మీద మనుషులు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకుంటారు. ఒకరు తప్పుకుంటే అటూ ఇటూ ఉన్నవాళ్లు జరిగి ఆ ఖాళీ పూడుస్తారు. మేస్త్రి అరవనక్కర్లేదు, కాళ్లే జరుగుతాయి.

ఆ రోజు సుసన్న పైకి ఇచ్చే తట్టను అందుకునేది నారయ్యే. పదకొండున్నర దాటాక రెండు తట్టలు ఒలకబోశాడు. తర్వాత కళ్లు తిరుగుతున్నాయంటూ దిగిపోయి, మెట్ల పక్కనే ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు నీడలో ఒరిగిపోయాడు. సుసన్నకు ఒళ్లు మండింది. నారయ్య తాగుతాడు, దాచడానికేమీ లేదు. ఏటా ఈస్టరుకు ముందు శ్రమదినాలు నలభై రోజులూ చుక్క ముట్టడు, పండుగ వెళ్లిన మర్నాటి నుంచి ఆ నలభై రోజులదీ కలిపి తాగుతాడు. వాడలో సగంమంది మగవాళ్ల పద్ధతి అదే. ఆ ఏడు పండుగ వెళ్లి నెల కావస్తున్నా ముట్టలేదని అతను చెబుతూనే ఉన్నాడు, ఆమె నమ్మలేదు. మొగుడు తూలాడంటే ఆమెకు తెలిసిన కారణం ఒక్కటే. ఒక మెట్టు పైకి జరిగి అతని చోట నిలబడింది.

కాసేపటికి ఇంటావిడ జగ్గుతో మజ్జిగ పట్టుకొచ్చింది. ట్యాంకరు దగ్గర ఆగి, ఇతనికేమైందమ్మా అని మెట్ల వైపు చూసి అడిగింది. తట్ట చేతులు మారేలోపలే సుసన్న జవాబు చెప్పేసింది.

"తాగిండమ్మా. పండనియ్యిండ్రి, ఆయనే లేస్తడు."

ఇంటావిడ జగ్గుతో సహా వెనక్కి వెళ్లిపోయింది. తాగి పడినవాడి దగ్గరికి ఎవరు వెళ్తారు?

రెండింటికి స్లాబు అయిపోయింది. సుసన్న చేతులు కడుక్కుని, భోజనాల దగ్గర నిలబడి, తనదొకటి అతనిదొకటి రెండు పొట్లాలు తీసుకుని ట్యాంకరు దగ్గరికి వచ్చింది. నారయ్య ఒళ్లు కాలిపోతోంది. చెమట చుక్క లేదు. పిలిస్తే పలకలేదు. ఆటోలో వేసుకుని దవాఖానకు పోతుంటే దారిలోనే ఊపిరి ఆగింది. ఇంటికి తెచ్చి నీళ్లు పోసేటప్పుడు ఆమె అతని నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. సిమెంటు వాసన తప్ప ఇంకే వాసనా లేదు.

అప్పటి నుంచి సుసన్నకు ఏదీ తగలడం మానేసింది. దుఃఖమని వాడంతా అనుకుంది. దుఃఖమైతే ఏడుపు వస్తుంది, ఏడిస్తే కడుపు తేలికవుతుంది. ఆమెకు రాలేదు. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోతే తింటున్నప్పుడు తెలియదు. కాలికి మేకు దిగితే నెత్తురు చూశాక తెలుస్తుంది. నెల తిరక్కుండా మళ్లీ స్లాబు పనికి పోయి వరుసలో నిలబడింది. గట్టి గుండె అన్నారు కొందరు, రాతి గుండె అన్నారు ఇంకొందరు. అందరికీ ఒకే రకంగా తల ఊపింది.

ఇక కిరణ్ కుమార్ సంగతి. భవన నిర్మాణ కార్మికుల సంఘానికి మండల కార్యదర్శి. కడుపునిండా తినడానికి తీరిక లేని మనిషి, పాత బండి మీద ఊరూరా తిరుగుతాడు. ఆరు నెలలుగా అతను పెట్టుకున్న పని ఏమిటంటే, ఒకరి ముఖం ఒకరు చూడని వాళ్లందరినీ ఒక జెండా కింద కాకపోయినా ఒక రోడ్డు మీదికి తేవడం. రాళ్లు పిండిచేసే క్రషర్ల దుమ్ముకు ఊపిరాడడం లేదు, మూసెయ్యండని బడంగ్‌పేట కాలనీల వాళ్లు. మూస్తే మా నోట్లో మట్టేనని క్రషర్ల కూలీలు. బోర్లు ఎండిపోయాయి, మీ కాలనీల ట్యాంకర్లే మా నీళ్లు తోడుకుపోతున్నాయని మంచాల రైతులు. ప్రతి మీటింగూ పోట్లాటతో మొదలై టీతో ముగిసేది. చివరికి ఎలాగో నాలుగు మాటల మీద రాజీపడ్డారు. ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగు దాకా పని ఆపాలి, పని ఆగినా కూలి ఆగకూడదు. క్రషర్లు మూయనక్కర్లేదు గాని నీళ్లు చల్లి నడపాలి. చెరువుకు నీళ్లొచ్చే కాలువలను ప్లాట్లు చెయ్యకూడదు. రోడ్డు వెడల్పుకు నరికిన చెట్లకు బదులు చెట్లు పెంచి చూపాలి. ఎండ పెరగడం ఎవరి తప్పో తేలేదాకా, ఎండలో చచ్చేది ఎవరో అయినా రాసి పెట్టాలని కిరణ్ కుమార్ పట్టు. అందుకే ఆ జాబితా.

ఆదివారం ప్రార్థన అయ్యాక అతను సుసన్న ఇంటికి వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఆమె మైకులో చదవాల్సింది అందులో రాసి ఉంది. కళ్లు తిరుగుతున్నాయని నా భర్త మొత్తుకున్నా మేస్త్రి పని ఆపనివ్వలేదు, నీడకు పోనివ్వలేదు, ఆయన తాగాడని అబద్ధం పుట్టించాడు, అని. స్టెల్లా చెప్పిందే రాశాడు పాపం, అతని తప్పేమీ లేదు. సుసన్న అక్షరాలు కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"బుగ్గయ్యకు చెప్పినవా?" అని అడిగింది.

"చెప్పిన అక్కా. రాసుకో అన్నడు. నా పేరు పెట్టినా ఏం గాదన్నడు."

బుగ్గయ్యకు అరవై దాటాయి. ఆ రోజు పైన స్లాబు మీద నిలబడి సుసన్న అన్న మాట చెవులారా విన్నాడు. విని కూడా ఏడాదిగా స్టెల్లా తిట్లన్నీ నోరు మూసుకుని పడ్డాడు. ఆడపిల్లకు తల్లి ఒక్కతైనా మిగలాలని అనుకున్నాడో ఏమో, ఆ ముసలాయన ఎప్పుడూ బయటపడలేదు.

అబద్ధానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. కాగితం చదివేస్తే నారయ్య పేరు జాబితాలో ఎక్కుతుంది, తాగుబోతన్న మాట పోతుంది, కూతురు కూతురుగా ఉంటుంది. ఎవరి మీద అబద్ధమో ఆ మనిషే ఒప్పుకున్నాడు కూడా. నిజం చెబితే పేరు ఎక్కుతుంది గాని స్టెల్లా పోతుంది. సుసన్నకు లోకంలో మిగిలింది ఆ పిల్లే. కాగితం మడిచి రవికలో పెట్టుకుని పొయ్యి వెలిగించింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి శేరిగూడ కాలేజీల ముందు జనం చేరారు. ఏప్రిల్ ఆఖరు, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఎర్రజెండాల వాళ్లు ఒక పక్క, తెల్లటోపీలు పెట్టుకుని నీళ్ల సీసాలు పట్టుకున్న కాలనీల వాళ్లు ఒక పక్క, తలపాగాల రైతులు రోడ్డు దిగి చెట్టు ఉన్నచోట. ముందు ఎవరు నడవాలని అరగంట తగువైంది. ఆడవాళ్లు ముందు నడవండని కిరణ్ కుమార్ అనడంతో మగవాళ్లందరూ పెద్దమనసు చేసుకున్నారు. "ఎండకు సెలవు, కూలికి కోత వద్దు" అని సంఘం వాళ్లు అరిస్తే కాలనీల వాళ్లు "వద్దు వద్దు" అనాల్సిన చోట "కావాలి కావాలి" అన్నారు. రెండు ఫర్లాంగులు పోయాక గాని గొంతులు కలవలేదు.

సుసన్న రెండో వరుసలో నడుస్తోంది, పక్కన స్టెల్లా. సాగర్ రోడ్డు మీద లారీలు నెమ్మదించి పోతున్నాయి. అటుపక్క నుంచి ఒక పెద్దాయన వచ్చి, ఇంత ఎండలో కొంగు ఏమాపుతుందమ్మా అంటూ తన గొడుగు ఆమె మీదికి వంచాడు. తెల్లటోపీ, కళ్లద్దాలు, మెత్తటి మాట. పేరు జనార్దనరావు. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాడట, బడంగ్‌పేటలో వాళ్ల కాలనీ సంఘానికి అధ్యక్షుడట. అతను చెప్పకముందే సుసన్న గుర్తుపట్టింది. ఆ రోజు మిక్సరు దగ్గర కొబ్బరికాయ కొట్టింది ఈయనే. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. తట్టలు మోసేవాళ్ల ముఖాలు ఇంటివాళ్లకు గుర్తుండవు, ముఖం మీద సిమెంటు లేకపోతే అసలే గుర్తుండవు.

మంచి మనిషి. చెడ్డవాడైతే ఆమెకు పని సులువయ్యేది. కూలీల సంగతి తనకు ముందు పట్టలేదని, ఇల్లు కట్టించుకున్నాకే తెలిసిందని చెప్పుకొచ్చాడు. కిందటి మేలో తమ ఇంటి స్లాబు పోసినప్పుడు ఆ ఎండ చూడలేక, ఒక గంట ఆపుదామయ్యా అని మేస్త్రిని అడిగాడట. ఆపితే అతుకు పడుతుందని మేస్త్రి చెబితే సరేనని లోపలికి వెళ్లిపోయాడట. మొన్నటి వానలకు చుక్క కారలేదని చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడినట్టు కళ్లద్దాలు సర్దుకున్నాడు. సుసన్న నడుస్తోంది. కాళ్ల కింద తారు మెత్తబడుతోంది.

"ఆ రోజు ఒకతను తాగి పడిపోయాడమ్మా, ట్యాంకరు పక్కన," అన్నాడు జనార్దనరావు. "మా ఆవిడ తాయారు మజ్జిగ తీసుకెళ్తే, అతని భార్యే పైనుంచి చెప్పిందట, తాగాడు వదిలేయండి అని. మా ఆవిడ ఇప్పటికీ ఆ అమ్మాయినే తలుచుకుంటుంది. అలాంటివాడితో ఎన్ని పడిందో, ఎంత ఓర్చుకుంటే అంతమందిలో ఆ మాట అనగలదు అంటుంది."

స్టెల్లా తల తిప్పింది. మీ ఇల్లు బడంగ్‌పేటలో ఎక్కడ సార్ అని అడిగింది. ఆయన చెప్పాడు. ఏ తారీఖని అడిగింది. తారీఖు గుర్తులేదు, రెండో శనివారమని మాత్రం గుర్తుంది, బ్యాంకు స్నేహితులు వచ్చారు అన్నాడు. స్టెల్లా నినాదం అందుకోవడం మానేసింది. జనార్దనరావును ఎవరో వెనక నుంచి పిలిస్తే, గొడుగు సుసన్న చేతిలో పెట్టి వెళ్లాడు.

తల్లీకూతుళ్లు గొడుగు కింద ఒక కిలోమీటరు నడిచారు. వెనక అరుపులు, ముందు పోలీసు జీపు. చివరికి స్టెల్లా రోడ్డు వైపే చూస్తూ అంది.

"రెండో శనివారం బడంగ్‌పేటల మస్తు స్లాబులు పడుంటయ్ అమ్మా. తాగి పడేటోళ్లు గూడ మస్తుమంది."

దారి చూపించింది పిల్ల. తల్లి అవునంటే చాలు, అక్కడితో సరి. ఆ పిల్లకు కావాల్సింది కూడా అదే, అందుకే ముఖం చూడకుండా అడిగింది. అవ్ అని ఒక్క మాట, రెండక్షరాలు. మోసిన తట్టలతో పోలిస్తే ఎంత బరువు? అయినా సుసన్న నోట రాలేదు. తాయారనే ఆ ఆడమనిషి మాటే బుర్రలో తిరుగుతోంది. ఎన్ని పడిందో, ఎంత ఓర్చుకుందో. ఏడాదిగా ఒకామె తన మీద జాలిపడుతోంది. నారయ్యను ముద్ద పెట్టకుండా మట్టిలో పెట్టి, అతని పరువు తీసి, ఆ పరువు తీసినందుకు తను జాలి తింటోంది. ఆ జాలి మాత్రం తగిలింది. ఇన్నాళ్లకు తగిలింది అదొక్కటే, సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి.

ఆర్డీవో ఆఫీసు గేటు ముందు రోడ్డు నిండిపోయింది. ప్రజావాణి రోజు కావడంతో లోపలికి అర్జీలతో వచ్చినవాళ్లు కూడా బయటికి వచ్చి నిలబడ్డారు. ఒక అధికారి మెట్లు దిగి వచ్చాడు, కుర్చీ వేశారు, కూర్చోలేదు. కిరణ్ కుమార్ పదిహేడు పేర్లూ చదివాడు. ఒక్కో పేరుకు ఆ ఇంటివాళ్లు ముందుకు వచ్చి ఎక్కడ పోయాడో, ఏ పనిమీద పోయాడో చెప్పారు. కొందరు ఏడ్చారు, కొందరు ఫొటో పట్టుకుని నిలబడ్డారు. తర్వాత, "సుసన్నక్క మాట్లాడ్తది" అని మైకు ఇచ్చాడు.

సుసన్న రవికలో నుంచి కాగితం తీసింది. మడత విప్పలేదు. ముందు వరుసలో బుగ్గయ్య తల వంచుకుని నిలబడి ఉన్నాడు, తిట్లు పడడానికి సిద్ధమై వచ్చినవాడిలా. ఆమె కాగితాన్ని కిరణ్ కుమార్ చేతిలో తిరిగి పెట్టేసింది.

"నారయ్య నా మొగడు. ఆయన ఇంట్ల చావలే, బడంగ్‌పేటల స్లాబు మీద చచ్చిండు. ఇంట్ల అని నేనే సంతకం పెట్టిన." గొంతు కూలీల హాజరు పిలిచినట్టుగా ఉంది. "ఆయన తాగలే. తాగిండని చెప్పింది బుగ్గయ్య గాదు. నేను చెప్పిన. ఆ ఇంటామె మజ్జిగ తెస్తే, తాగిండు పండనియ్యిండ్రి అని నేనే ఎనకకు పంపిన. ఆయన జాగల నేను నిలవడి స్లాబు అయిపోయేదాక తట్టలందిచ్చిన. పని ఆపొద్దని మాకు ఎవ్వలు చెప్పలే. చెప్పే పని లేదు, మాకే అలవాటైంది. పన్నెండు గొట్టంగనే ఆపాలె అని ఎవలన్న చెప్పుంటే ఆయన బతుకుతుండె. గందుకే వచ్చిన."

మైకు కిరణ్ కుమార్‌కు ఇచ్చేసింది. చప్పట్లు లేవు, నినాదం లేదు. దూరంగా ట్రాఫిక్కులో చిక్కుకున్న బస్సు హారను మాత్రం మోగుతోంది. బుగ్గయ్య భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని జనంలోంచి బయటికి నడిచాడు. అధికారి పక్కనున్న గుమాస్తా, ఇలాగైతే ఎండదెబ్బ అని ఎలా రాస్తారు, డాక్టరు కాగితం లేదు, ముందు సంతకం ఇంకోలా ఉంది అన్నాడు. చూసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. కిరణ్ కుమార్ కలం పట్టుకుని తటపటాయించాడు.

జనార్దనరావు కాలనీ వాళ్ల మధ్య నుంచి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. పది అడుగుల దూరం నడవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు.

"చనిపోయిన చోటు దగ్గర మా ఇంటి నంబరు రాయండి," అన్నాడు. "నేను చూశాను. సంతకం పెడతాను."

పెట్టాడు. పెట్టి సుసన్న వైపు ఒకసారి చూశాడు. ఇంటికెళ్లి తాయారుకు ఎలా చెప్పాలో తెలియడం లేదని కిరణ్ కుమార్‌తో మాత్రం అన్నాడు. ఆ ఇంట్లోనే ఆయన పడుకోవాలి, ఆ కప్పు కిందే. సుసన్న ఆయన గొడుగు ఆయనకు ఇచ్చేసింది.

నారయ్య ఇంటివాళ్లలో ఇంకొకరి సంతకం కావాలన్నారు. స్టెల్లా వచ్చింది. తండ్రి పేరు ముందు తనే రాసింది, పైనున్న పదిహేడింటి కంటే కొంచెం పెద్ద అక్షరాలతో. కింద తన పేరు రాసింది. కలం ఇచ్చేటప్పుడు గాని, వెనక్కి వెళ్లేటప్పుడు గాని తల్లి వైపు చూడలేదు. అర్జీ పైకి పంపిస్తామని అధికారి చెప్పాడు. పైన ఏమవుతుందో పైవాళ్లకే తెలియాలి. నారయ్య మాత్రం ఆ కాగితం మీద ఎక్కాడు, పనిమీద పోయిన మనిషిగా. సుసన్న వచ్చింది అందుకే. అయినా ఆమెకు సంతోషంగా ఏమీ లేదు, కాళ్లు లాగుతున్నాయి.

బస్టాండులో మంచాల బస్సు వచ్చేసరికి మూడయింది. జనం మీద పడ్డారు. స్టెల్లా అందరికంటే ముందు కిటికీలోంచి చున్నీ సీటు మీదికి విసిరి, తోసుకుంటూ ఎక్కింది. సుసన్న చివరికి ఎక్కి చూస్తే కూతురు కిటికీ పక్కన కూర్చుని ఉంది, చున్నీ ఇంకా రెండో సీటు మీద పరిచే ఉంది. ఎవరో ముసలమ్మ కూర్చోబోతే మనిషుంది అవ్వా అని చెబుతోంది. సుసన్న దగ్గరికి వెళ్లాక చున్నీ తీసింది. సుసన్న కూర్చుంది. బస్సు ఊరు దాటింది. ఎండిపోయిన చేలు, వాటి నడుమ ప్లాట్ల సరిహద్దు రాళ్లు కిటికీలోంచి పోతున్నాయి.

చాలాసేపటికి స్టెల్లా అడిగింది. ముఖం కిటికీ వైపే ఉంది.

"నువ్వు తాగిండు అన్నప్పుడు, బాపు ఇన్నడా?"

మైకులో అన్నీ చెప్పింది గాని సుసన్న ఇది చెప్పలేదు. పాస్టరుకు చెప్పలేదు, ప్రార్థనలో దేవుడికీ చెప్పలేదు. తనకు తానైనా చెప్పుకోలేదు. అబద్ధమాడడానికి ఇప్పుడు కూడా వీలుంది, చూసినవాళ్లెవరూ లేరు.

"ఇన్నడు," అంది.

"ఏమన్నడు?"

"ఏమనలే బిడ్డా. కండ్లు తెరిచి నా దిక్కు చూసిండు. చూసి, మొఖం అటు తిప్పుకున్నడు."

స్టెల్లా భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చప్పుడు రాకుండా చున్నీ నోట్లో కుక్కుకుంది. సుసన్న తన ఏడుపు కోసం కూడా చూసింది. రాలేదు. కండక్టరు సీటు సీటుకూ ఆగుతూ వచ్చి ఎక్కడికమ్మా అని అడిగాడు. సుసన్న నోరు తెరిచేలోపల స్టెల్లా కళ్లు తుడుచుకుని, రెండు మంచాల అని చెప్పింది.